జ్వరం తగ్గిన తరువాత గుండె ఎందుకు వాచింది

నిరుటి వానాకాలంలో మా చెల్లెలి కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ హన్మకొండలోని మా ఇంట్లో ఉండేవాడు. తెల్లవారకముందే లేచి సుబేదారిలోని ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్లి 1600 మీటర్ల పరుగు సాధన చేసేవాడు. ఆ రోజుల్లోనే అతనికి జ్వరం, ఒళ్లునొప్పులు, రెండు రోజుల పాటు విరేచనాలు వచ్చాయి. వాడకట్టులోని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది ఒకటి వేయించుకొని, జ్వరం పూర్తిగా దిగకముందే మళ్లీ మైదానానికి వెళ్లాడు. వారం తిరిగేసరికి జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, అంతా కుదుటపడిందనుకున్నాము. పదో రోజు రాత్రి అన్నం తిని లేస్తూ, "మామా, గుండెకాడ పట్టేసినట్టయితాంది, ఊపిరి గట్టిగ తీస్తే ఎక్కువైతాంది" అన్నాడు.

దగ్గరలోని క్లినిక్కులో గ్యాస్ నొప్పి అని మాత్రలిచ్చి పంపించారు. ఇరవై రెండేళ్ల కుర్రవాడికి గుండెజబ్బు ఎక్కడిదన్న ధీమా వారికే కాదు, నాకూ ఉండింది కాబట్టి ఆ తప్పును వారి ఒక్కరి మీదే వేయలేను. తెల్లవారినా నొప్పి తగ్గకపోవడంతో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఈసీజీలో మార్పులు కనిపించాయి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ బాగా పెరిగింది, యాంజియోగ్రాంలో మాత్రం గుండె రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. నర్సంపేట నుంచి ఉరికి వచ్చిన మా చెల్లె, "అన్నా, పోరనికి నరాలు బ్లాకయినయా?" అని అడిగితే లేదని చెప్పగలిగాను గాని, మరేమయిందో చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. గుండె వైద్యుడు చెప్పిన పేరు మయోకార్డైటిస్, అంటే గుండె కండరపు వాపు. వైరస్ తన పని చాలావరకు ముగించి ఉంటుందని, ఇప్పుడు ఆ గుండెలో జరుగుతున్నదంతా కుర్రవాడి సొంత రోగనిరోధక వ్యవస్థ చేస్తున్నదేనని ఆయన అన్నప్పుడు, ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన నేను తల దించుకొని విన్నాను.

ఎందుకంటే ఈ పాఠాన్ని నేను ఏటా చెప్పేవాణ్ణి. ఓరుగల్లు పిల్లలకు కోట కన్నా తెలిసిన పోలిక మరొకటి ఉండదు కాబట్టి, చర్మాన్ని మట్టికోట అని, శ్లేష్మాన్ని అగడ్త అని, లోపలి తెల్ల రక్తకణాలను రాతికోట కాపలాదారులని చెప్పేవాణ్ణి. శత్రువు లోపలికి వస్తాడు, కాపలావాళ్లు చంపేస్తారు, ఊరు క్షేమం. అంతటితో గంట కొట్టేవారు. శత్రువు ఊరి ఇళ్లలో దూరి దాక్కుంటే కాపలావాళ్లు ఏ ఇంటిని కూల్చాలో, ఎన్ని ఇళ్లు కూల్చాలో, ఎప్పుడు ఆగాలో ఆ పాఠంలో లేదు. ఆ లేని భాగాన్ని నేను గత ఏడాదిగా నేర్చుకుంటున్నాను, ఇక్కడ రాస్తున్నదీ దాని గురించే.

గుండె కండరాన్ని పట్టే వైరస్‌లు చాలా ఉన్నాయి. ఎంటెరోవైరస్‌లు, అడినోవైరస్‌లు, పార్వోవైరస్ బీ19, ఇన్‌ఫ్లుయెంజా, కరోనా, మన దగ్గర వానాకాలంలో తిరిగే డెంగీ, చికున్‌గున్యా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అయితే రోగనిరోధక వ్యవస్థ పాత్ర గురించి మనకు తెలిసినదానిలో అత్యధిక భాగం ఒకే వైరస్ నుంచి, అదీ ఎలుకల నుంచి వచ్చింది. అది కాక్సాకీ బీ3. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న కాక్సాకీ అనే చిన్న ఊరిలో, పోలియో లాంటి లక్షణాలున్న పిల్లల మలం నుంచి గిల్బర్ట్ డాల్‌డార్ఫ్, గ్రేస్ సికిల్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1948లో ఈ కుటుంబపు మొదటి వైరస్‌ను వేరు చేశారు. కలుషితమైన నీటి ద్వారా, చేతుల ద్వారా నోటిలోకి చేరి, పేగులో పెరిగి, రక్తం ద్వారా గుండెకు చేరే వైరస్ అది. మా వాడికి వచ్చింది ఇదేనని నేను చెప్పలేను. ఏ వైరస్సో తేల్చడానికి గుండె నుంచి ముక్క తీసి చూడవలసిన పరిస్థితి అతనికి రాలేదు.

గుండె కణంలోకి ఈ వైరస్ ప్రవేశించే తలుపు ఒకటి ఉంది. కాక్సాకీ, అడినోవైరస్ రెండూ దానినే వాడుకుంటాయి కాబట్టి ఆ రెండింటి పేర్లూ కలిపి దానికి పేరు పెట్టారు. ఒక గుండె కణం పక్క కణంతో అతుక్కునే చోట తలుపుగా పనికివచ్చే ఆ ప్రోటీన్ దట్టంగా ఉంటుంది. అంటే కణాలను కలిపి ఉంచే ముడినే వైరస్ గుమ్మంగా చేసుకుంటుంది. లోపలికి వెళ్లాక వైరస్ తయారు చేసుకునే ప్రోటియేజ్ అనే ఎంజైమ్ ఒకటి, కణపు అస్థిపంజరాన్ని పొరకు కట్టి ఉంచే డిస్ట్రోఫిన్‌ను తెంపివేస్తుందని 1999లో తేలింది. పుట్టుకతో ఆ డిస్ట్రోఫిన్ లేని మగపిల్లలకే డుషేన్ కండర క్షీణత వస్తుంది. అక్కడ జన్యువు చేసే నష్టాన్ని ఇక్కడ వైరస్ కొద్ది రోజులలో చేస్తున్నదన్న మాట. కాబట్టి వైరస్ అమాయకమైనదని నేను అనడం లేదు. మొదటి మూడు నాలుగు రోజుల నష్టం దానిదే.

ఆ మొదటి రోజులలో రోగనిరోధక వ్యవస్థ చేసే పనిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కణం లోపల ఉండే పసిగట్టే ప్రోటీన్లు వైరస్ ఆర్‌ఎన్‌ఏను గుర్తించి హెచ్చరిక కబురు మోసే ఇంటర్‌ఫెరాన్‌లను విడుదల చేయిస్తాయి, ఆ కబురు అందుకున్న పక్క కణాలు తమలో వైరస్ పెరగకుండా ముందే జాగ్రత్తపడతాయి. ఇంటర్‌ఫెరాన్ కబురును అందుకునే గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలకు కాక్సాకీ బీ3 ఎక్కిస్తే అవి కొద్ది రోజులలోనే చచ్చిపోతాయి. సహజ హంతక కణాలు, మాక్రోఫేజ్‌లు కూడా ఈ దశలోనే వచ్చి చేరి, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి కబురు రసాయనాలైన సైటోకైన్‌లతో మిగతా దళాన్ని పిలుస్తాయి. ఎలుకల గుండెలో వైరస్ సంఖ్య మూడు నాలుగు రోజులకు శిఖరానికి చేరుతుంది. తెల్లకణాల గుంపు మాత్రం ఏడు నుంచి తొమ్మిది రోజుల మధ్య శిఖరానికి చేరుతుంది. ఈ రెండు శిఖరాల మధ్య ఉన్న ఎడమే మా వాడికి జ్వరం తగ్గిన తరువాత నొప్పి ఎందుకు వచ్చిందో చెబుతుంది. మనుషుల్లోనూ సాధారణంగా జలుబు, జ్వరం లేదా విరేచనాలు వచ్చిపోయిన కొన్ని రోజులకో, రెండు వారాలకో గుండె లక్షణాలు బయటపడతాయి.

రెండో అంకంలో వచ్చేవి టీ కణాలు అనే మరో రకం తెల్లకణాలు. వైరస్ దూరిన కణాన్ని గుర్తుపట్టి, దానికి రంధ్రం చేసి చంపడం సీడీ8 టీ కణాల వృత్తి. రంధ్రం చేసే సాధనం పేరు పెర్ఫోరిన్. ఇక్కడ నన్ను కదిలించిన ప్రయోగాలు రెండున్నాయి. 1974లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, టీ కణాలను తగ్గించిన ఎలుకలకు కాక్సాకీ బీ3 ఎక్కిస్తే వాటి గుండె వాపు తగ్గింది. వాపు వైరస్ చేసే నష్టమైతే రక్షకులు తగ్గినప్పుడు అది పెరగాలి గాని తగ్గకూడదు. 1998 నాటి మరో ప్రయోగం ఇంకా పదునైనది: పెర్ఫోరిన్ లేని ఎలుకలు, ఉన్న ఎలుకలు రెండూ వైరస్‌ను ఒకేలా తొలగించుకున్నాయి, కాని పెర్ఫోరిన్ లేనివాటి గుండెలు తక్కువ దెబ్బతిన్నాయి. అంటే ఈ వైరస్ విషయంలో ఆ ఆయుధం వైరస్‌ను వెళ్లగొట్టడానికి ఏమాత్రం తోడ్పడలేదు, గుండెను గాయపరచడానికి మాత్రం పనికివచ్చింది. తరగతిలో పెర్ఫోరిన్‌ను ఎంత మెచ్చుకుంటూ చెప్పేవాణ్ణో గుర్తొచ్చి, ఆ పేరా చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు వరండాలో కూర్చున్నాను.

న్యాయంగా చూస్తే టీ కణానికి గుండె అని, గొంతు అని తేడా తెలియదు. వైరస్ దూరిన కణాన్ని చంపెయ్యడం గొంతులో చాలా మంచి పద్ధతి, ఎందుకంటే అక్కడి పై పొర కొద్ది రోజులలో తిరిగి పుడుతుంది. కాలేయం కూడా తనను తాను పెంచుకోగలదు. గుండె కండర కణాలకు ఆ సౌకర్యం లేదు. ఒకప్పటి అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మన కణాల డీఎన్‌ఏలో ఎంత చేరిందో లెక్కగట్టి, స్వీడన్ పరిశోధకుల బృందం 2009లో చెప్పిన దాని ప్రకారం, ఇరవై అయిదేళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం గుండె కండర కణాలు మాత్రమే కొత్తవి వస్తాయి, డెబ్బై అయిదేళ్లకు అది 0.5 శాతం కన్నా తక్కువకు పడిపోతుంది. మా కోటలోనే చూడండి: మట్టిగోడ కూలితే నాలుగు తట్టల మట్టి పోసి లేపవచ్చు, చెక్కిన రాయి పగిలితే అక్కడ సిమెంటు మెత్తడం తప్ప మార్గం లేదు. పోయిన గుండె కణాల చోట శరీరం మెత్తే సిమెంటు కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్. అది సాగదు, సంకోచించదు, విద్యుత్తును సరిగా ప్రసరింపనివ్వదు. మచ్చ పెద్దదైతే గుండె వెడల్పై పంపు చేసే శక్తి తగ్గుతుంది, చిన్నదైనా కొందరిలో ప్రమాదకరమైన లయ తప్పులకు అది మూలమవుతుంది.

ఇంతకన్నా చిక్కైన భాగం మరొకటి ఉంది. చనిపోయిన గుండె కణాల లోపలి ప్రోటీన్లు బయటపడినప్పుడు, రోగనిరోధక వ్యవస్థ వాటిని ఇంతకుముందు ఎన్నడూ చూడనట్టు ప్రవర్తిస్తుంది. చూడలేదు కూడా. టీ కణాలు రొమ్ముటెముక వెనుక ఉండే థైమస్ అనే గ్రంథిలో శిక్షణ పొందుతాయి. అక్కడ సొంత ప్రోటీన్లను చూపించి, వాటి మీదికి ఎగబడే కణాలను ఏరిపారేస్తారు. గుండె కండరంలో ఉండే ఆల్ఫా మయోసిన్ అనే ప్రోటీన్ మాత్రం ఆ శిక్షణలో చూపించబడటం లేదని 2011లో ఎలుకల మీద జరిగిన పరిశోధన చెప్పింది. ఏరివేతలో తప్పించుకున్న ఆ టీ కణాలు మనలో చాలామందిలో జీవితాంతం ఊరికే తిరుగుతుంటాయి. వైరస్ గుండె కణాలను పగలగొట్టి మయోసిన్‌ను బజారున పడేసిన రోజున మాత్రం అవి మేలుకుంటాయి. తరువాత మయోసిన్ మీద ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారవుతాయి, వైరస్ పూర్తిగా పోయినా వాపు నెలల తరబడి సాగుతుంది. అందరిలో ఇలా జరగదు. ఒకే వైరస్ ఎక్కించినా కొన్ని జాతుల ఎలుకలు రెండు వారాలలో కోలుకుంటాయి, మరికొన్ని జాతులలో అది దీర్ఘకాలిక వ్యాధిగా మారుతుంది. అంటే ఇందులో జన్యువులకు గట్టి పాత్ర ఉంది. మగ ఎలుకలలోనూ, పడుచు మగవారిలోనూ ఇది ఎక్కువగా కనిపించడంలో టెస్టోస్టిరాన్ ప్రభావం ఉందని ప్రయోగాలు సూచిస్తున్నాయి.

వైరస్ లేకుండానే ఈ పని జరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు అనుకోని దిక్కు నుంచి వచ్చింది. టీ కణాలకు పీడీ-1 అనే కళ్లెం ఒకటి ఉంటుంది. జపాన్‌లో తసుకు హోంజో ప్రయోగశాల ఆ కళ్లెం లేని ఒక జాతి ఎలుకలను పుట్టించినప్పుడు వాటి గుండెలు వెడల్పై అవి చనిపోయాయని 2001లో ప్రకటించింది, ఆ తరువాత వాటి రక్తంలో ట్రోపోనిన్ మీద ప్రతిరక్షకాలు దొరికాయి. ట్రోపోనిన్ అంటే మా వాడి రక్తంలో డాక్టర్లు కొలిచిన ఆ ప్రోటీనే. హోంజోకు 2018లో జేమ్స్ అలిసన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది మాత్రం ఆ కళ్లేలను తీసేసి టీ కణాలను కాన్సర్ మీదికి వదిలే చికిత్సకు. ఆ మందులు వాడిన ఇద్దరు రోగులు తీవ్రమైన మయోకార్డైటిస్‌తో మరణించారని, వారి గుండెలలో టీ కణాలు కిక్కిరిసి ఉన్నాయని 2016లో వైద్యులు నివేదించారు. కళ్లెం తీస్తే గుండె కూడా దాడి చేయవలసిన స్థలంగానే కనిపిస్తుందన్న మాట.

ఇదంతా తెలిసిన తరువాత ఎవరికైనా తోచే మాట ఒకటే: అయితే రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు ఇస్తే సరిపోతుంది కదా అని. మా చెల్లె కూడా అదే అడిగింది. 1995లో అమెరికాలో 111 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో, ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌తో పాటు రోగనిరోధకతను అణిచే మరో మందు ఇచ్చినవారికీ, ఇవ్వనివారికీ గుండె పనితీరులో గాని, బతుకులో గాని తేడా కనిపించలేదు. ఆ రోగులలో ఎవరి గుండెలో వైరస్ ఇంకా ఉంది, ఎవరి గుండెలో పోయింది అని అప్పుడు వేరు చేసి చూడలేదు. 2009లో ఇటలీలో ఆ పని చేశారు. గుండె ముక్కలో వైరస్ లేదని తేల్చుకున్న, దీర్ఘకాలంగా వాపు ఉన్న 85 మందిని తీసుకొని సగం మందికి ఆరు నెలలు ప్రెడ్నిసోన్, దానితో పాటు రోగనిరోధకతను అణిచే అజాథియోప్రిన్ ఇస్తే, మందు తీసుకున్నవారిలో ఎక్కువమంది గుండె పనితీరు మెరుగుపడింది. దీనికి అద్దం పట్టినట్టు జర్మనీలో 2003లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, గుండెలో వైరస్ పోకుండా నిలిచిన 22 మందికి బీటా ఇంటర్‌ఫెరాన్ ఇస్తే వైరస్ కనిపించకుండా పోయింది. అందులో పోల్చి చూడటానికి మరో గుంపు లేదు కాబట్టి దానిని ఆచితూచి చదవాలి. అయినా మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది: వైరస్ ఉన్న రోజున రోగనిరోధకతను అణిస్తే వైరస్‌కు తలుపు తీసినట్టవుతుంది, వైరస్ పోయిన తరువాత రోగనిరోధకతను పెంచితే నిప్పుకు గాలి విసిరినట్టవుతుంది. జెయింట్ సెల్ మయోకార్డైటిస్ వంటి కొన్ని తీవ్ర రకాలలో మాత్రం రోగనిరోధకతను అణిచే మందులు ఆలస్యం లేకుండా మొదలుపెడతారు. మా వాడికి స్టెరాయిడ్లు ఇవ్వలేదు. విశ్రాంతి, గుండె బలహీనతకు వాడే మాత్రలు, నిరంతరం లయను చూసే మానిటరు, ఇవే వైద్యం.

అందుకే ఈ మధ్య ఏ మందుల దుకాణానికి వెళ్లినా కౌంటరు మీద వరుసగా కనిపించే ఇమ్యూనిటీ పొడుల డబ్బాలను చూస్తే నాకు చిరాకు కలుగుతుంది. కరోనా నుంచి మన ఇళ్లలో అదొక మంత్రమైంది. మా వీధిలోని ఒక పెద్దమనిషి ఆసుపత్రికి పరామర్శకు వస్తూ, పిల్లవాడికి ఇమ్యూనిటీ తగ్గి ఇలా అయిందని చెప్పి, ఒక డబ్బా తెచ్చి మంచం పక్కన పెట్టి పోయారు. ఆయన ప్రేమను కాదనలేను. అతనికి తక్కువైనది ఇమ్యూనిటీ కాదని మాత్రం ఆ వేళ చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

ఇంకొందరు చెవిలో అడిగిన ప్రశ్న టీకా గురించి. ఎంఆర్‌ఎన్‌ఏ రకపు కరోనా టీకాల తరువాత, ముఖ్యంగా రెండో డోసు వేసుకున్న పడుచు మగవారిలో అరుదుగా మయోకార్డైటిస్ వచ్చిన మాట నిజం, అందులో చాలామంది త్వరగా కోలుకున్న మాటా నిజం. మన దగ్గర వేసినవి ప్రధానంగా కోవిషీల్డ్, కోవాగ్జిన్. అవి ఆ రకానివి కావు. 18 నుంచి 45 ఏళ్ల వారిలో కారణం తెలియని హఠాన్మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి చేయించి 2023లో ప్రచురించిన అధ్యయనం, టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని చెప్పింది. ఏళ్ల కిందట వేసుకున్న టీకాకు, నిరుడు విరేచనాల తరువాత వచ్చిన నొప్పికి ముడిపెట్టడానికి నాకు ఆధారం కనిపించలేదు.

నేను నిజంగా బాధపడేది జ్వరంలో తీసిన పరుగు గురించి. కాక్సాకీ బీ3 సోకిన ఎలుకలను నీటిలో ఈదించినప్పుడు, ఊరికే ఉంచినవాటి కన్నా వాటి గుండెలలో వైరస్ ఎన్నో రెట్లు పెరిగిందని, ఎక్కువ ఎలుకలు చనిపోయాయని 1970లోనే ప్రచురించారు. ఎలుకలలో వాపు తొలి రోజులలో ఇచ్చిన కొన్ని నొప్పి నివారణ మందులు కూడా చేటు చేశాయి కాబట్టి, మయోకార్డైటిస్ ఉందని అనుమానమున్నప్పుడు వైద్యులు ఆ మందులతో జాగ్రత్తగా ఉంటారు. మైదానంలో అతనితో పాటు పరుగెత్తే పిల్లలలో ఒకరిద్దరు ప్రతి వానాకాలంలో ఇలా సూది వేయించుకొని మరునాడే బూట్లు కట్టుకుంటారు. నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న భయం వాళ్లది, ఆ భయాన్ని తప్పుపట్టే హోదా పింఛను తీసుకునే నాకు లేదు.

మూడు వారాల తరువాత ట్రోపోనిన్ మామూలు స్థాయికి వచ్చింది. ఆసుపత్రిలో చేరిన నాడు 40 శాతానికి తగ్గిన గుండె పంపు శక్తి మూడో నెలకు 55కు చేరింది. ఆరో నెలలో తీసిన ఎంఆర్‌ఐలో, ఎడమ జఠరిక బయటి గోడ వెంట సన్నని తెల్లటి గీత ఒకటి మిగిలి ఉందని, అది మచ్చ అని, లయ తప్పుతుందేమో ఒక రోజంతా యంత్రం కట్టి చూసి ఆ తరువాతే పరుగు సంగతి మాట్లాడుకుందామని డాక్టరు చెప్పారు. ఆ చిత్రాన్ని మా వాడు ఫోనులో దాచుకున్నాడు. ఇప్పుడు పొద్దున పూట భద్రకాళి చెరువు కట్ట మీద నాతో పాటు నడుస్తున్నాడు. నా నడక అతనికి మరీ నెమ్మదిగా ఉంటుంది కాబట్టి పది అడుగులు ముందుకు వెళ్లి, మళ్లీ ఆగి నా కోసం చూస్తుంటాడు.